మాపు

రాయగడలో తెల్లారకముందే బయల్దేరాం.
వ్యాను వెనకాల బీరువా, మంచం, గ్యాసు బండ.
కుట్టు మిషను తల మాత్రం నా ఒళ్ళో.
"దుప్పట్లో చుట్టి వెనక పడేద్దుం కదమ్మా" అన్నాడు త్రినాథ్.
పడేయొచ్చు. పడేయలేదు.

కాగితం మిల్లు నుంచి కాగితం మిల్లుకి
మా దాలినాయుడికి బదిలీ.
ఇక్కడ ఉడికిన వెదురు వాసన, అక్కడా అదేనట.
"ఊరు మారినట్టు ముక్కుకి తెలీదులే"
అని నన్ను నవ్వించబోయాడు లక్ష్మీపురం ఘాటీలో.
సరిగ్గా అప్పుడే నాకు వాంతొచ్చింది.

సంచిలో కొలతల పుస్తకం.
పద్నాలుగేళ్ళ రాయగడ, అంగుళాల్లో.
లెక్కల మేష్టారి భుజం పదిహేడున్నర, ఎడమ పక్క వంపు.
మెడ లోతు గురించి
తల్లీ కూతుళ్ళు దెబ్బలాడుకున్న జాకెట్టు, రెండు అంకెలూ కొట్టేసి మూడోది.
ఒడియా ఆడవాళ్ళు గుమ్మంలోంచే "మాప నియ" అనేవారు.
వాళ్ళ మాప మన కొలత.
మన మాపు పొద్దువాలడం.
ఆ రెండు మాటల మధ్యే
లైటేసుకుని కూర్చున్నాను ఇన్నాళ్ళూ.

జయపురంలో పెద్దత్త చోడంబలి పోసింది, ఎండుచేప కాల్చింది.
"జాకెట్టు ముక్క ఉందే, కొలత తీసుకుపో" అంది.
పాత పేజీలో ఛాతీ ముప్ఫయ్యారు.
టేపు చుట్టాను, మళ్ళీ చుట్టాను.
"ఏటే, ఎంతొచ్చింది?"
"పాతదేనత్తా."
చక్కిలిగిలి పెట్టినట్టు నవ్వింది.
వ్యానెక్కాక పెన్సిలుతో, చిన్నగా,
ముప్ఫై ఒకటి అని రాశాను.

కొట్పాడులో ఎర్రంచు తువ్వాలు కొన్నాను.
బేరమాడలేదు. మా ఆయన నా వంక అదోలా చూశాడు.

తర్వాత అడివి, అడివి తర్వాత అడివి.
చెక్‌పోస్టులో మిషను తల విప్పించారు.
"ఇందులో ఏముంది?"
"సూది" అన్నాను.
మీసాలింకా సరిగా రాని జవాను
ఊడబోతున్న చొక్కా గుండీ చూపించాడు.
నిలబడే కుట్టి, దారం పంటితో తెంపాను.
అతని కొలత రాసుకోలేదు. పేరూ అడగలేదు.

ఇంద్రావతి వంతెన దాటాక సిరొంచ.
రుక్కుబాయి రోడ్డు మీదికే వచ్చి నిలబడింది.
ఒకప్పుడు బిసంకటక్ ఆసుపత్రిలో నర్సు,
రిటైరై పుట్టినూరు చేరింది.
"గిదేంది, గింత బక్కగైనవ్?" అని
నా జబ్బ పట్టుకుని చూసింది, టేపు లేకుండానే.
రాత్రి నా పుస్తకం తిరగేసింది,
కళ్ళజోడు లేక దూరంగా పట్టుకుని.
ఒక పేజీ దగ్గర ఆగింది.
ఛాతీ పద్దెనిమిది. పొడుగు పన్నెండు.
పేరు లేదు.
ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది తనే.
పేజీ తిప్పలేదు, ఏమీ అడగలేదు.
పుస్తకం మూసి
దాని మీద గాజుల చెయ్యి కాసేపు ఉంచి,
"అన్నం తిందాం పా" అన్నది.

ఆలాపల్లి దాకా రోడ్డు కాదు, గుంతలు.
మిషను నా తొడల మీద రెండు నీలి మచ్చలు కుట్టింది.

బల్లార్షా చేరేసరికి మాపటేళ.
వాసన అదే గానీ దీనిలో బొగ్గు కలిసింది.
ముక్కుకి తెలిసిపోయింది. ఆయనకి చెప్పలేదు.
క్వార్టరు తాళం తిరగనంటుంటే
త్రినాథ్ కొబ్బరినూనె చుక్క వేశాడు.

మంచమింకా మెట్ల మీదే ఉంది.
పక్కింటామె గడప దగ్గరికొచ్చి
నా ఒళ్ళోది చూసింది.
"మాప్ ఘేతా కా?"

మాప్. చివర ఒడియా అకారం లేదు,
మన ఉకారమూ లేదు.
లోపలికి రమ్మన్నాను.
స్విచ్చి ఎక్కడుందో
గోడంతా తడుముతున్నాను.